బ్యారన్ తిన్న గుట్ట

నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య ఉన్న మా ఊళ్ళో, యాభైల చివరి రోజుల్లో, పచ్చటి ఆకును పసుపుపచ్చగా మార్చడమే మగవాళ్ళ ముఖ్యమైన వ్యాపకం. దానికోసం మా నాన్నా, బాబాయీ కలిసి ఊరి చివర ఒక పొగాకు బ్యారన్ కట్టించారు. చూడ్డానికి కిటికీలు పెట్టడం మరిచిపోయిన మేడలా ఉండేది. లోపల కర్రలకు కట్టిన ఆకు వరసలు వరసలుగా వేలాడేది. కింద రేకు గొట్టాల్లో వేడి తిరిగేది. బయట పొయ్యి పగలూ రాత్రీ కట్టెలు తింటూ ఉండేది. ఆకు రంగు తిరిగి ఆరేదాకా మంట ఆగకూడదు. ఆగితే ఆకు నల్లబడుతుంది. నల్లబడ్డ ఆకును కొనడానికి వచ్చినవాడు ఏమీ అనడు, ఆకును వదిలేసి మనవంక చూస్తాడు. అదే బాధ.

అన్నదమ్ములిద్దరూ పొలాలు పంచుకున్నారు గానీ పొగతోట మాత్రం నాన్న వాటాలోనే, పొత్తు మీద వేసేవారు. నాన్న వాటా ఊరివైపు. బాబాయి వాటా గుట్ట కింద. అందులో ఆయన జొన్న, కంది వేసుకునేవాడు. గుట్ట పెద్దదేమీ కాదు. ఎక్కినవాడు ఎక్కానని చెప్పుకోదగ్గంత లేదు. కానీ దాని నిండా తుమ్మలు, వేపలు, బలుసు పొదలు ఉండేవి.

మొదటి ఏడు గట్ల మీది ఎండుకొమ్మలు సరిపోయాయి. తర్వాత గుట్ట మీది ఎండుచెట్లు. ఆ తర్వాత ఎండబోతున్నాయేమో అని అనుమానం కలిగిన చెట్లు. ఆ పైన అనుమానం కూడా అవసరం లేకపోయింది. మా బ్యారన్ ఒక్కటే కాదు, చుట్టుపక్కల బ్యారన్లన్నీ ఆ గుట్టనే నమ్ముకున్నాయి. నేను అప్పుడు బెజవాడ కాలేజీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. సెలవలకు వచ్చినప్పుడల్లా గుట్ట మీద నా సబ్జెక్టు తగ్గిపోతూ కనపడేది.

"పొగాక్కి తుమ్మమొద్దులు, మనుషులకి కందికంప" అనేది మా అమ్మ పొయ్యి ఊదుతూ. "ఈసారి బియ్యం కూడా ఆ బ్యారన్లోనే పెట్టండి. అన్నం పసుప్పచ్చగా వస్తది, మంచి ధర పలుకుద్ది."

గుట్ట బోడి అయ్యాక కట్టెలు గరికపాడు అవతలి నుంచి బళ్ళ మీద వచ్చేవి. ఒక మాఘమాసంలో, ఆకు సరిగ్గా రంగు తిరుగుతుండగా, రావలసిన బళ్ళు రాలేదు. దారిలో ముందు బండికి ఇరుసు విరిగి, వెనకవి కూడా ఆగిపోయాయని కబురొచ్చింది. పొయ్యి పక్కన ఉన్న కట్టెలు పొద్దుగూకేదాకా కూడా వచ్చేలా లేవు.

నాన్న బ్యారన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. భక్తితో కాదు, ఏం చెయ్యాలో తోచక.

"అన్నయ్యా, నా గట్టు మీద తుమ్మలున్నయి గదా" అన్నాడు బాబాయి.

గుట్టకూ ఆయన చేనుకూ మధ్య ఉన్న గట్టు అది. గుట్ట మీది చెట్లన్నీ పోయినా ఆ వరస మాత్రం మిగిలింది, ఆయన సొంతం కాబట్టి.

"అవి కొడితే వానకి నీ చేనుకి అడ్డం ఏముంటదిరా?"

"వాన సంగతి వానప్పుడు చూద్దాం. ఆకు సంగతి ఇప్పుడు చూడు."

"పచ్చికట్టె సరిగ్గా మండదురా."

"ఎండువాటితో కలిపి వెయ్యి. ఆకు పోతే ఇద్దరం ఒకే వాకిట్లో కూచోవాలి. నీ వాకిలి ఇరుకు."

మధ్యాహ్నానికి గొడ్డళ్ళు పడ్డాయి. ఆ ఏడు ఆకు బంగారంలా వచ్చింది. కొనేవాడు ఆకును చూసి తల ఊపాడు, మావంక చూడనే లేదు. అంతకన్నా మర్యాద ఏం కావాలి?

తొలకరి ఆ ఏడు గట్టిగా పడింది. అంతకుముందు గుట్ట మీది నీళ్ళు చెట్ల మొదళ్ళ దగ్గర ఆగి ఆగి, బురదను గట్టు అవతలే వదిలి, తీరిగ్గా దిగేవి. ఇప్పుడు వాటిని ఆపేవాళ్ళు లేరు. వేర్లు చచ్చిన గట్టు ఒక్క పెట్టున తెగింది. అన్నేళ్ళు గుట్టను మేం బళ్ళ మీద ఇంటికి తెచ్చుకున్నాం. మిగిలింది తనంతట తనే దిగివచ్చి బాబాయి చేలో పడుకుంది. మొలిచిన జొన్న ఎక్కడుందో తెలియలేదు. ఎటు చూసినా గులకరాళ్ళు, మొరం.

బాబాయి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈసారి మొలక బాగా వచ్చింది" అన్నాడు.

నాన్న నవ్వలేదు. "ఊరివైపు చేను నువ్వు దున్నుకో. దీని సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

"రాళ్ళ సేద్యం నీకేం వచ్చు అన్నయ్యా? ఇద్దరం చేద్దాంలే."

ఆ ఏడు పొగతోట వెయ్యలేదు. ఇద్దరూ మొరం ఎత్తిపోశారు. గట్టు మళ్ళీ పోశారు. వేసవిలో వీరులపాడు వైపు నుంచి ఒక మేకలమందను పిలిపించి గట్టు మీద మంద కట్టించారు. తుమ్మకాయలు తిన్న మేకలు ఎక్కడ పడుకుంటే అక్కడ తుమ్మ మొలుస్తుంది. గట్టితోలు గింజ అలా కడుపులో నానితేనే త్వరగా మొలుస్తుందని నా పుస్తకంలో కూడా ఉంది. మేకలు దాన్ని చదవకుండానే పాటించాయి. తొలకరికి గట్టు పొడుగునా మొలకలు లేచాయి.

వారం తిరక్కుండా ఊళ్ళో మేకలు వచ్చి సగం మేసి పోయాయి.

"చుట్టూ ముళ్ళకంప వెయ్యాలిరా" అన్నాడు నాన్న.

"ఎవరి గుట్ట మీద కొడదాం?" అన్నాడు బాబాయి. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నాన్న గరికపాడు వైపు ఒకసారి చూశాడు, బండి కట్టమంటాడేమో అనుకున్నాను. అలా అనలేదు. వంగి, చేలోంచి ఒక రాయి తీసి, మిగిలిన మొలకల్లో ఒకదాని పక్కన పెట్టాడు. బాబాయి ఇంకొకటి అందించాడు. నేనూ చొక్కా చేతులు పైకి మడిచాను. ఇంకే పంటా లేకపోయినా, రాళ్ళకు మాత్రం ఆ చేలో కొరత లేదు.