గొంతుకు సెలవు

మా బడి వార్షికోత్సవానికి ముందు వారం మైకు చెడిపోయింది. కొత్తది తెప్పిస్తామన్నారు, తెప్పించలేదు. నేనున్నాను కదా మరి. సీతాఫల్‌మండిలో మా వీధి ఈ చివర నిలబడి నేను పిలిస్తే, ఆ చివర కిరాణా కొట్టాయన పలుకుతాడని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. ఆ వారమంతా ఎండలో, దుమ్ములో నిలబడి పిల్లల చేత డ్రిల్లూ డాన్సులూ చేయించాను. సాయంత్రం ఇంటికొస్తే మళ్లీ అత్తమ్మతో అరుపులు. ఆవిడకు చెవుడు. చెవి మిషను కొనిస్తే బీరువాలో దాచి, పండగలకు పెట్టుకుంటానంటుంది.

శనివారం ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. ఆదివారం పొద్దున్నే పాలవాణ్ణి పిలవబోతే నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఉప్పునీళ్లు పుక్కిలించాను, మిరియాల పాలు తాగాను. సోమవారానికీ అంతే. మారేడ్‌పల్లిలో గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు మా ఆయన. ఆవిడ గొట్టం పెట్టి చూసి, లోపల బాగా వాచిందనీ, ఒక పక్క చిన్న బొడిపె లాంటిది కనబడుతోందనీ చెప్పింది.

"వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. గుసగుసలు అసలే వద్దు, అది ఇంకా చెరుపు. ఆదివారం సాయంత్రం మెల్లగా ఒకటి రెండు మాటలు అని చూడండి. తగ్గకపోతే ఆపరేషన్ సంగతి సోమవారం ఆలోచిద్దాం."

మా బడిలో నాకంటే ముందు తెలుగు చెప్పిన టీచరుకు కూడా ఇలాగే మొదలైంది. ఆపరేషన్ తర్వాత ఆవిడ మాట నాలుగడుగులు దాటడం లేదు. ఇప్పుడు లైబ్రరీలో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తోంది. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ నాకు ఆవిడే కనబడింది. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

"ఏం పరేషాన్ గాకు, తగ్గుతది," అన్నాడు మా ఆయన. తిడదామంటే గొంతు లేదు.

ఇంటికెళ్లాక ఆయనే వాళ్లమ్మకు సంగతంతా అరిచి చెప్పాడు. అత్తమ్మ నా మెడ తడిమి చూసి, "వంట నేను జేస్తా. నువ్వు పోయి పండుకో," అంది.

పడుకోవడం నాకు చేతకాదు. అలసిపోయి పడిపోవడం వచ్చు గానీ, పట్టపగలు ఊరికే మంచమెక్కి పడుకోవడమంటే ఏమిటో నాకు తెలియదు. కళ్లు మూస్తే తరగతి గది కనబడేది. నేను నోరు తెరిచి ఏదో చెబుతుంటాను, పిల్లలు నా వైపు చూడరు. మూడో రోజు ఉండబట్టలేక బాత్‌రూంలో కుళాయి తిప్పి, గుసగుసగా నా పేరు పలికి చూసుకున్నాను. గొంతు గీరుకుపోయినట్టు మండింది. ఉన్నది కాస్తా నా చేతులతోనే పాడు చేసుకున్నానేమోనని ఆ రోజంతా దుప్పటి కప్పుకుని వణికాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. మామూలుగా ఆవిడకు వడ్డించేసి నేను వంటింట్లోకి పరిగెడతాను. ఆవిడకు ఒక అలవాటుంది. తినడం అయ్యాక కంచానికి చెయ్యి ఆనించి, "అన్నదాతా సుఖీభవ" అంటుంది. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్నాను. దేవుడికి చెప్పుకుంటోందనుకునేదాన్ని.

ఆ రోజు ఆవిడ తినేసి, కంచం మీద చెయ్యి పెట్టి, వంటింటి గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఒక్క క్షణం వెతుక్కుని, ఎదురుగా ఉన్న నన్ను చూసి నవ్వింది.

"నీకే చెప్పబోయిన బిడ్డా. ఇయ్యాల వండింది నేనే గదా, మర్శిపోయిన."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ దీవెన నాకే. నేనేమో అటు తిరిగి గిన్నెలు మోత మోగిస్తూ, తొందరగా తినండి అత్తమ్మా అని అరుస్తూ ఉన్నాను. ఆ మధ్యాహ్నం మంచమెక్కితే నిద్ర పట్టింది. లేచేసరికి భయం మళ్లీ వచ్చింది కానీ, మధ్యలో నిద్రయితే పోయాను.

ఆదివారం సాయంత్రం మా ఆయన టీ కప్పు చేతికిచ్చి, "ఒక్కసారి ఏదన్న అని చూడు," అన్నాడు. తల అడ్డంగా ఊపాను. నోరు తెరవనంత సేపు గొంతు ఉన్నట్టే లెక్క. తెరిస్తే తెలిసిపోతుంది. చీకటి పడింది. ఆయన ఇక అడగడం మానేసి, టీవీ ముందు కూర్చున్నాడు.

అత్తమ్మ మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు కట్టు తెచ్చి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. కంచం ఖాళీ అయింది. దాని మీద చెయ్యి పెట్టాను. మొదటి అక్షరం అసలు పలకలేదు. మళ్లీ మొదలుపెట్టాను.

"అన్నదాతా సుఖీభవ."

వచ్చింది. కానీ అది నా గొంతు కాదు. సన్నగా, బొంగురుగా, మధ్య మధ్య తెగుతూ ఉంది. తరగతిలో మొదటి బెంచీ కూడా దాటదు. రేపు డాక్టరమ్మ ఏమంటుందో, ఇది ఇంతేనేమో. మా ఆయన టీవీ ఆపేసి ఇటు చూశాడు. అత్తమ్మకు మాత్రం నా పెదాలు కదలడమే తెలిసింది.

"ఏందీ? ఇనబడలే. మళ్ల అను."

అరవడానికి లేదు. లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. చెవికి నోరు ఆనించి, ఉన్న ఆ కాస్త గొంతుతోనే మళ్లీ అన్నాను. ఆవిడ ఎంగిలిదని కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుంది.

"గిట్ల దగ్గరికొచ్చి చెప్తె మంచిగనే ఇనబడ్తది గదా," అంది. "మరి ఇన్నేండ్లు ఎందుకు గంత గట్టిగ ఒర్లినవ్?"