నక్క జబ్బలో నాలుగో పాయ

మొన్న ఆదివారం అమ్మ మా ఉధ్నా గది ముందు తీగ మీద బొంత ఆరేసింది. దాని మూలన ఉన్న పంటి గాట్లలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా కనబడగానే, జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని తెలిసి కూడా, నాలాగే మగ్గాల చప్పుడుకు నిద్రపోవడం నేర్చుకున్న నా ఈడు వాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఊరొదిలి మగ్గాల పనికి ఈ గుజరాతీ నగరానికొచ్చిన మేం అప్పట్లో పాండేసర పేట చివర, ముళ్లపొదలు మొదలయ్యే చోట ఉండేవాళ్లం. బాపు మగ్గం నడిపేవాడు, నేను జంతువుల ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి కొత్తగా చేరాను. అమ్మకు గుజరాతీ సగమే వచ్చేది గాని ధైర్యం పూర్తిగా ఉండేది. ఒక అక్టోబరు పొద్దున, అందరికీ చెమటలు కారుతుండగా, పక్కింటి మాసీ శియాల్ వచ్చింది, శియాల్ వచ్చింది అని గుజరాతీలో కేకలు పెట్టింది. వాళ్ల భాషలో శియాల్ అంటే నక్క, శియాలో అంటే చలికాలం. చివరి ‘ఓ’ను ఎన్నడూ లెక్కచేయని మా అమ్మ, ఈ ఉక్కలో చలికాలమేమిటని సణుగుతూనే పెట్టె అడుగు నుంచి బొంత లాగి సందులోకి తెచ్చింది.

నక్క నీళ్ల డ్రమ్ము వెనక నక్కి ఉంది. ఏ తీగకు కోసుకుందో గాని, ఎడమ ముందుకాలు మోచేతికి పైన, వెనకవైపు లోతుగా తెగింది. అడుగు వేయబోతే మోచేయి మడతపడి కాలు జారిపోతోంది. అందరూ కర్రలు వెతుకుతుంటే, పనికొచ్చే వస్తువు అమ్మ చేతిలోనే ఉంది. బొంత కప్పి పట్టుకున్నాను. నక్క కొరికింది బొంతను, నన్ను కాదు. నా వీరత్వమంతా పాతచీరల మందం.

అటవీశాఖకు కబురు చేసి, మా ఆసుపత్రికే తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి, మెడ కింద అడ్డంగా ఉండాల్సిన ఎముక దీనికి ఎక్కడో పడిపోయిందని ప్రకటించింది నేనే. అందరూ బెన్, అంటే అక్క, అని పిలిచే మా డాక్టర్ బెన్ నవ్వాపుకుని, నక్కకు ఆ ఎముక పేరుకే తప్ప ఉండదని, ముందుకాళ్లను ఒంటికి కలిపే కీలే లేదని, పక్కటెముకల నుంచి రెక్కఎముక దాకా విసనకర్రలా పరుచుకున్న కండే ఒంటిని రెండు కాళ్ల మధ్య చీరతొట్టెలలా మోస్తుందని చెప్పింది. ఆ తొట్టెల భద్రంగానే ఉంది. తెగింది మోచేతిని చాపి నిలిపే వెనక కండ. అది మొత్తం తెగి ఉంటే కాలు ఇక బరువు మోయదు, బరువు మోయని నక్కను పొదల్లోకి వదలరు, బతికినన్నాళ్లూ బోనే. గాయం శుభ్రం చేస్తే గాని తెలియదంది.

ఆ సాయంత్రం బాపు అంతా విని అడిగాడు.

“ఎముక లేకుంటే ఎట్ల నిలవడతదిరా?”

“కండనే పట్టుకుంటది బాపూ.”

“మనం గూడ గంతే. ఊర్ల కీలు ఊడింది, ఈడ కీలు పడలే. ఒట్టి కండతోటే నిలవడ్డం.”

ఆ నక్క వాసన చేతులతో కంచం ముట్టొద్దని అమ్మ నన్ను కసరడంతో ఆ ఘట్టం ముగిసింది.

మర్నాడు మత్తిచ్చి చూస్తే, ఆ కండకు మనిషికి మూడు పాయలుంటే నక్కకు నాలుగట. తెగింది పైపాయ ఒక్కటే. మిగతా మూడూ, మిల్లులో ఒకడికి దెబ్బ తగిలితే అందరూ మగ్గాలాపినట్టు, నొప్పికి పని మానేశాయి. అంటే ఇప్పుడది మనతో సమానమైందన్నమాట అన్నాను. డాక్టర్ బెన్ కుట్టడం ఆపకుండానే నన్ను నోరు మూసుకోమంది.

తర్వాత రోజూ బోను ముందు నిలబడేవాణ్ణి. అది రోజూ మూడు కాళ్లతోనే గిన్నె దాకా వచ్చేది. ఒక పొద్దున ఎడమకాలు మెల్లగా నేలకానించి, దాని మీద ఒరిగింది. మోచేయి మడతపడలేదు. ఫినాయిల్ ఘాటుకు కళ్లు మండాయని అందరికీ చెప్పాను. ఆ పూట ఫినాయిల్ పోయాల్సింది నేనే, ఇంకా పోయలేదు.

అటవీశాఖ వాళ్లు దాన్ని ఊరవతలి పొదల్లో వదిలిన రోజు అమ్మ కూడా వచ్చింది. ఒక్కసారైనా తిరిగి చూస్తుందని కాచుకుంది. అది చూడలేదు, దానికి పనుంది. నాలుగు కాళ్ల మీద పరుగెత్తింది.

ఇప్పుడు మా పాత సందు వెనక పొదల్లేవు, షెడ్లున్నాయి. అమ్మ గుజరాతీ ఎంత ముదిరిందంటే సలాబత్‌పురా బజార్లో బేరమాడితే దుకాణాల వాళ్లు చాయ్ తెప్పించి రాజీకొస్తారు. ‘ఓ’ కాదు గదా, ఏ అక్షరమూ జారనివ్వదు. ఆ జారిన ‘ఓ’ మీద నాకింకా బెంగగానే ఉంటుంది. అయినా ఏటా మొదటి చల్లగాలి తగలగానే, అన్నీ తెలిసిన ఆ మనిషే గడపలోంచి పిలుస్తుంది.

“నక్కొచ్చిందిరా, జర బొంత తియ్.”

మేం ముగ్గురం ఒకసారి సందులోకి చూస్తాం.