గద్వాల వంతెన దగ్గర ఇచ్చివచ్చిన ముందుపన్ను

మధ్యాహ్నం రెండున్నరకు గద్వాల స్టేషన్‌లో రైలు దిగాను. ఏప్రిల్ ఎండ. ప్లాట్‌ఫారం మీద నీడ ఉన్న చోటల్లా కుక్కలు పడుకుని ఉన్నాయి. సిపాయి వచ్చాడని ఒక్కటీ లేవలేదు. ఒంటి మీద ఖాకీ చొక్కా, నిక్కరు, ఒక నంబరు పెద్ద బూట్లు. భుజాన రైఫిల్, నడుముకు యాభై తూటాలు. సంచిలో రెండు కంబళ్లు, పళ్లెం, మగ్గు, మా నాయనమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చిన వేదపుస్తకం. పట్టాల మీద తోసే ట్రాలీ ఎక్కించి కృష్ణ మీది రైలు వంతెన దగ్గర దింపారు.

ఆదివారం చర్చి విడిచాక మీరంతా చుట్టూ చేరి "తాతా, యుద్ధంల జపానోన్ని జూసినవా?" అని అడుగుతారు. చూడలేదు. యుద్ధం బర్మాలో జరిగింది. నేను కృష్ణ ఒడ్డున ఉన్నాను. శత్రువు వచ్చి వంతెన కూల్చకుండా చూడడం నా డ్యూటీ. నేనున్న పదకొండు వారాల్లో శత్రువు రాలేదు. నాకు భయపడి రాలేదని చెప్పుకోవచ్చు గాని, చర్చి ముందు కూర్చుని అబద్ధం ఆడకూడదు.

పోస్టు అంటే ఇసుక బస్తాల గోడ, పైన రేకులు. మధ్యాహ్నం ఆ రేకు మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. మేం నలుగురం. హవల్దార్ నగరం నుంచి వచ్చిన నడివయసు ముసల్మాన్. ఐదు పూటలా నమాజు చేసేవాడు. పోస్టులో ఉన్న ఒక్క గడియారం ఆయన జేబులోనే ఉండేది. వంటవాణ్ణి ఫౌజులో లాంగ్రీ అంటారు. మా లాంగ్రీది ఉప్పునుంతల. ఏ సంగతి ఎత్తినా "నేను కండ్లార జూసిన" అనేవాడు, తాను పుట్టక ముందటిదైనా సరే. మూడోవాడు టెలిఫోనువాడు. ధరూర్‌లో భూములున్న కాపుల ఇంట ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏళ్లుంటాయి. స్టేషన్ నుంచి ఫోను వస్తే ఎత్తి, మా క్షేమం చెప్పడం ఆయన పని. నాలుగోవాణ్ణి నేను. బిజినేపల్లి పక్క ఊరు, ఊరికి అవతలి వాడ, కూలి చేసుకునే ఇల్లు.

మొదటి రోజే హవల్దార్ నాలుగు హుకుంలు చెప్పాడు.

"రైలొచ్చే ముందల పట్టాలు జూడాలె. వంతెన మీద బీడీ బంద్. ఫోను మూడోసారి మోగే లోపల ఎత్తాలె. అన్నం అందరు ఒక్క వరుసల కూసోని తినాలె. ఫౌజుల జాత్ గీత్ లేదు. సమఝయిందా?"

టెలిఫోనువాడు హుకుం మీరలేదు. నా వరుసలోనే కూర్చున్నాడు, మధ్యలో మూరెడు జాగా వదిలి.

నాకు మా ఇంటి నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. తినే ముందు కళ్లు మూసుకుని దేవునికి స్తుతి చెప్పాలి. మా నాయనమ్మ చిన్నప్పుడు మొట్టికాయలతో నేర్పింది. ఆదివారం పోస్టులో మాంసం కూర. మనిషికి నాలుగు తునకలు. నేను కళ్లు మూసినప్పుడు నాలుగు ఉన్నాయి. తెరిచాక రెండున్నాయి. రెండో ఆదివారం ఒకటి మిగిలింది. నేను పళ్లెం ముట్టక ముందే ఆ చెయ్యి మూరెడు దూరం దాటి వచ్చి పోయేది. అంటు నాకే గాని తునకలకు లేదన్నమాట.

మూడో ఆదివారం ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ప్రార్థన చేశాను. అట్లాంటి ప్రార్థన దేవుని దాకా పోతుందో లేదో తెలియదు. తునక మాత్రం పోయింది, తెరిచిన కన్ను వైపు నుంచే. టెలిఫోనువాడు నమలుతూ ఆకాశం చూశాడు.

మా నాయనమ్మ ఇంకో సంగతి కూడా చెప్పి పంపింది. "నీకు కీడు జేసినోని కోసం పేరు వెట్టి ప్రార్థన జెయ్యి బిడ్డా. తండ్రి పేరు, ఊరి పేరు గూడ జెప్పాలె. ఊరికి పదిమంది బాలయ్యలుంటరు, దేవుడు ఏ బాలయ్యనని ఎతుకుతడు?"

నాలుగో ఆదివారం అట్లాగే చేశాను. కళ్లు మూసి, చేతులు జోడించి, అందరికీ వినబడేట్టు టెలిఫోనువాడి పేరు, ఆయన తండ్రి పేరు, ధరూర్ పేరు తీశాను. "ప్రభువా, ఈయనను దీవించు. ఈయన కడుపు సల్లగ ఉండాలె" అన్నాను. అది పైకి. లోపల అనుకున్నది వేరు. రేపు పొద్దున వీడు చెంబు పట్టుకుని ఇసుకలో ఉరకాలి అనుకున్నాను. మనస్ఫూర్తిగా అనుకున్నాను.

తెల్లవారింది. టెలిఫోనువాడు చెంబు పట్టుకుని ఇసుకలో ఉరికాడు. తొమ్మిది గంటల లోపల ఏడుసార్లు.

నిజానికి ముందురోజు సాయంత్రం ఆయన నది ఇసుకలో పండిన కర్బూజాలు మూడు ఒక్కడే తిని, పైన పులిసిన మజ్జిగ తాగాడు. అది అందరూ చూశారు. నాకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. మా దిక్కు చేతబడిని బాణామతి అంటారు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు తీసి, కళ్లు మూసుకుని ఏదో చదివితే బాణామతి పడుతుందని నమ్మకం. నేను చేసింది చూసేవాళ్లకు అచ్చం అదే.

"నేను కండ్లార జూసిన. పేరు దీసిండు, తండ్రి పేరు దీసిండు, ఊరు దీసిండు. తక్కువైంది నిమ్మకాయ ఒక్కటే" అన్నాడు లాంగ్రీ.

పది గంటలకు స్టేషన్ నుంచి ఫోను.

"హలో, వంతెన పోస్టు, ఖబర్ చెప్పు."

"పోస్టు ఖైరియత్ సాబ్. రైలు పోయింది. పట్టాలు... జర ఆగు."

ఆ 'జర ఆగు' అరగంట నడిచింది. పట్టాలకు ఏమైందోనని స్టేషన్‌లో అందరూ పరేషాన్ అయ్యారట.

హవల్దార్ దవాఖానకు పొమ్మన్నాడు. "దవాఖాన మందు బాణామతికి పని జెయ్యది సాబ్" అని టెలిఫోనువాడు గోడకు తిరిగి పడుకున్నాడు. హవల్దార్ నన్ను పక్కకు పిలిచి, "మియా, నీ దువాలో నా పేరు జర తియ్యకు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఊళ్లో దొరికిన చేపలు వండిన లాంగ్రీ నా పళ్లెంలో ఆరు ముక్కలు వేశాడు. ఆరూ నేనే తిన్నాను.

ఇక్కడ నా తప్పు దాచను. నాది మంత్రం కాదు, నీది కర్బూజా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. మూడు రోజులు చెప్పలేదు. ముక్కలు నమలడానికి తప్ప నోరు తెరవలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నాకు భయపడిన కాపును నేను చూసి ఉండలేదు. అది చాలా రుచిగా ఉంది, చేప కంటే. బుధవారం పొద్దుగూకే వేళ వేదపుస్తకం తెరిచాను. ఏ పేజీ తిప్పినా నా మీద కోపంగానే ఉంది. సిగ్గేసింది. రేపు పహరా దిగగానే చెప్పేద్దామనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను ఏడుసార్లు మోగింది. నేనే పరుగెత్తి ఎత్తాను.

"కప్తాన్ సాబ్ నాలుగు గంటలకు ట్రాలీ మీద వస్తుండు. మనుషులను లెక్కవెడ్తడు. అందరున్నరు గదా?"

"చూసి చెప్త సాబ్."

చూశాం. టెలిఫోనువాడు లేడు. పొద్దున్నే పుట్టి ఎక్కి అవతలి ఒడ్డుకు పోయాడని లాంగ్రీ చెప్పాడు. ఈసారి నిజంగానే కళ్లారా చూశాడు. అవతల పల్లెలో బాణామతికి విరుగుడు చేసేవాడు ఉన్నాడట.

హవల్దార్ ఇసుక బస్తా మీద కూలబడ్డాడు. "జంగ్ టైముల పోస్టు ఇడ్సిపెట్టిండు. రాస్తే పోరనికి జైలు. రాయకుంటే నాకు జైలు. వాని తల్లికి వీడొక్కడే."

"నేను తోల్కొస్త సాబ్. రోగం నేను వెట్టిందే" అన్నాను.

ఆయన గడియారం తీశాడు. ఒకటీ ఇరవై. "నాలుగు కొట్టే లోపల రావాలె. కొట్టినంక ఇద్దర్ని రాస్త. జా."

పుట్టి అంటే తోలు చుట్టిన గుండ్రటి బుట్ట. ముందుకు పోవడం కంటే తిరగడం ఎక్కువ. అవతల దిగేసరికి రెండు దాటింది. విరుగుడు చేసే ముసలాయన పొద్దున కమ్మరి, పొద్దెక్కాక భూతవైద్యుడు. రెండు పనులకూ పటకారు ఒకటే. టెలిఫోనువాడు కొలిమి పక్కన చాప మీద పడి ఉన్నాడు. పీక్కుపోయిన ముఖం, నుదుట బూడిద. నన్ను చూడగానే చాపతో సహా వెనక్కు జరిగాడు.

"ఈనెనే తాతా! పేరు దీసింది ఈనెనే!"

ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మంచిది. మంది కట్టెలు వట్టుకొని పోయి గుంజుకొస్తరు. ఇదేందిరా, పన్ను దానంతటదే నడిసొచ్చింది!"

బాణామతి చేసినవాడి ముందుపన్ను పీకితే మంత్రం విరుగుతుందని మా దిక్కు నమ్మకం. అట్లా పళ్లు పోయిన ఆడవాళ్లను, మగవాళ్లను నేను చూశాను. అందరూ మా వాడ లాంటి వాడల వాళ్లే. అందుకని నాకప్పుడు నవ్వు రాలేదు.

"లే. నాలుగు గంటలకు కప్తాన్ వస్తుండు. లేకుంటే జైలే" అన్నాను.

"సచ్చెటోనికి జైలేంది? పన్ను ఊడితెనే నేను లేస్త. లేకుంటే ఈడ్నే సస్త."

టైము ఎంతయిందో తెలియదు. గడియారం లేదు. కొలిమి కప్పు నీడ నా బూట్ల దాకా వచ్చింది. పన్ను ఇస్తే మంత్రగాణ్ణని ఒప్పుకున్నట్టు. ఇయ్యకపోతే ఇతను జైలుకు. పారిపోదామని కూడా అనిపించింది. అనిపించలేదంటే నమ్మకండి.

ఆయన ముందు కూర్చున్నాను. "ఇను. నాకు మంత్రాలు తెల్వవు. కని నీ కడుపు నొయ్యాలని లోపల కోరుకున్న. అది నిజం. నీకు నొస్తే సంబురపడ్డ. అదిగూడ నిజమే. నన్ను మన్నించు. పన్ను ఇచ్చేది మంత్రానికి కాదు, నువ్వు లేసెటందుకు."

టోపీ తీసి పక్కన పెట్టాను. కళ్లు మూసి నోరు తెరిచాను.

"ఆగు తాతా!" అని టెలిఫోనువాడు అరిచాడు. ముసలాయన ఏళ్ల తరబడి ఇనుము వంచినవాడు. ఆ చెయ్యి ఆగేది కాదు. చుక్కలు కనబడ్డాయి, పట్టపగలు, వరుసగా.

కళ్లు తెరిచేసరికి టెలిఫోనువాడు నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

"మంత్రగాడు పన్ను ఇస్తడా తాతా? ఊరిడ్సి ఉరుకుతడు గని, వచ్చి నోరు దెరుస్తడా? ఈనె మంత్రగాడు కాదు."

"జూసినవా, లేసి నిలవడ్డవు. నా వైద్యం గిట్లుంటది" అన్నాడు ముసలాయన, పటకారు తుడుచుకుంటూ.

తిరుగు పుట్టిలో ఇద్దరం గుడ్డలు పట్టుకుని కూర్చున్నాం, నేను నోటికి, ఆయన కడుపుకు. నడి నీళ్లలో మొదటిసారి నన్ను అన్నా అన్నాడు.

"అన్నా, ఆ ఐతారం నేను కర్బూజాలు గూడ తిన్న. మూడు."

"తెల్సు."

"తెల్సా? మరి చెప్పకపోతివి?"

"లాంగ్రీ ఆరు ముక్కలు ఏస్తుండె."

ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. రక్తం చొక్కా మీద పడింది. పుట్టి నడిపే మనిషి మా ఇద్దరినీ చూసి తెడ్డు జోరుగా వేశాడు.

మూడు యాభై రెండుకు పోస్టు చేరాం. హవల్దార్ గడియారం చూసి, నా నోరు చూసి, మళ్లీ గడియారం చూశాడు. నాలుగింటికి ట్రాలీ ఆగింది. కప్తాన్ దిగి లెక్కపెట్టాడు. నలుగురం. నా దగ్గర ఆగాడు.

"పన్నేమైంది?"

"ఇచ్చిన సాబ్."

"ఎవరికి?"

"అవసరమున్నోనికి సాబ్."

కప్తాన్ హవల్దార్ వైపు చూశాడు. హవల్దార్ నది వైపు చూశాడు. అంతటితో పోయేదే. అప్పుడు టెలిఫోనువాడు ఒక అడుగు ముందుకు వేసి సెల్యూట్ కొట్టాడు.

"నాకిచ్చిండు సాబ్. నేను పొద్దుగాల పోస్టు ఇడ్సి పోయిన. ఈనె వచ్చి తోల్కొచ్చిండు."

ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పమనలేదు. కప్తాన్ మొత్తం విన్నాడు, కర్బూజాలతో సహా. మీసం కింద నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. తనంతట తాను తిరిగి వచ్చి తనంతట తాను చెప్పాడు గనుక జైలు లేదన్నాడు. పది రోజులు మిట్టమధ్యాహ్నం ఇసుకలో రైఫిల్ ఎత్తి పరుగు. హవల్దార్‌కు గట్టిగా చీవాట్లు. "ఇది పోస్టా, పిచ్చి దవాఖానా?" అని ట్రాలీ ఎక్కాడు.

మొదటి వానలకు మా బదులు వేరే వాళ్లు వచ్చారు. జూన్ ఆఖరున పొద్దున ఆరున్నరకు గద్వాల స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను. సెలవు మీద ఇంటికి పోతున్న టెలిఫోనువాడు నన్ను సాగనంపడానికి వచ్చాడు. వెంట వాళ్ల అమ్మ ఉంది. ధరూర్ నుంచి తెల్లవారుజామున బండి కట్టించుకుని వచ్చింది. చేతికి వెండి కడియాలు, కాళ్లకు బురద. ప్లాట్‌ఫారం నిండా వాళ్ల ఊరివాళ్లు, వాళ్ల కులంవాళ్లు. నేను అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కు జరిగాను. ఆమె రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఏదీ, నోరు దెరువు బిడ్డా" అంది.

తెరిచాను. ఆమె ఎడమ చేత్తో నా గదవ పట్టుకుంది. సంతలో కోడెదూడ పళ్లు చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తర్వాత కుడిచేతి వేలు నా నోట్లో పెట్టి పన్ను లేని చోట మెల్లగా తడిమింది. వాళ్ల కులంవాళ్లంతా చూస్తుండగానే.

"నీ తల్లికి నేనేం జవాబు చెప్పాలె కొడుకా?" అంది.

నోట్లో ఆమె వేలుంది. రైలు కూత వేసింది. ఆమె వేలు తీసింది. దాన్ని కొంగుకు తుడుచుకోలేదు. ఆ తడి వేలితోనే కళ్లు ఒత్తుకుంది.