చెవి బొమ్మ ఉన్న పేజీ

గుట్టకింది తండాలో పొద్దున పిల్లల్ని ఎవరూ నిద్ర లేపనక్కర్లేదు. గ్రేస్ టీచర్ స్కూటీ దిగి, అంగన్వాడీ తాళం తీసి, చీపురు పడుతూ పాట ఎత్తుకుంటే చాలు, ఇళ్లల్లో ఆడవాళ్లు గబగబా పిల్లల ముక్కులు తుడిచి పంపిస్తారు. అంత గొంతు ఆమెది. లింగాల ఘనపూర్ చర్చిలో చిన్నప్పటి నుంచి పాడి పాడి సానదేలిన గొంతు. మైకు పాడైన ఆదివారాల్లో కూడా వెనక వరుసలో కూర్చున్న ముసలివాళ్ల దాకా పాట వెళ్లేది. ఆమె భర్త జీవన్ ఆటో నడుపుతాడు. "నా బండికి హారన్ అక్కెర్లే. గ్రేస్‌ను పక్కన కూసోబెట్టుకుంటే సాలు" అని అడ్డా మీద అందర్నీ నవ్విస్తుంటాడు. గ్రేస్‌కు కోపం రాదు. ఆస్తిపాస్తులు లేని ఇంట్లో పుట్టినదానికి దేవుడు ఇచ్చింది ఆ గొంతొక్కటే. దాని మీద కాస్త గర్వం కూడా ఉంది, ఉండకూడదా ఏం?

తండా పిల్లలతో పని అనుకున్నంత సులువు కాదు. వాళ్లింట్లో లంబాడీ మాట. మూడేళ్ల వయసులో అంగన్వాడీ గడప తొక్కేసరికి తెలుగు ఒక్క ముక్క రాదు. కొందరు నెలల తరబడి నోరు విప్పరు. పిలిస్తే పలకరు, కూర్చోమంటే నిలబడతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రేస్ దీనికి బెంబేలెత్తిపోయింది. వంట చేసే ఆయా సాలమ్మే ఆమెకు ధైర్యం చెప్పింది.

"పరేషాన్ గాకు టీచర్. ఈ పోరగాండ్లు గిట్లనే ఉంటరు. ఒకనాడు ఉన్నట్టుండి తెలుగుల తిట్టుడు షురూ చేస్తరు, సూస్తుండు."

సాలమ్మ అన్నట్టే జరిగేది. ఏడాదంతా మూగనోము పట్టినవాడు ఒకరోజు పక్కవాడు గుడ్డు లాక్కుంటే చక్కటి తెలుగులో వాడి తాతముత్తాతలను తలుచుకునేవాడు. గ్రేస్ పైకి కసురుకుని, లోపల మురిసిపోయేది. అలా ఏళ్లు గడిచేసరికి మాట్లాడని పిల్లల గురించి కంగారు పడటం మానేసింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. జరిగిన నష్టమంతా ఇక్కడి నుంచే జరిగింది.

అనిత, ప్రకాశ్‌ల కూతురు అమూల్య అలాంటి మాట్లాడని పిల్ల. ఎంత బుద్ధిగా ఉండేదని! ముందు వరుసలో కూర్చుని గ్రేస్ ముఖం మీద నుంచి చూపు తిప్పేది కాదు. ఏడుపు లేదు, పేచీ లేదు. అభినయ గేయం మొదలైతే గ్రేస్ చేతులు ఎటు తిరిగితే ఆ పిల్ల చేతులు అటు తిరిగేవి, కాకపోతే ఒక్క క్షణం వెనకగా. చప్పట్లు కూడా అందరూ కొట్టాక ఒక్క క్షణం ఆగి కొట్టేది. చిన్నపిల్ల కదా, నేర్చుకుంటోంది అనుకునేది గ్రేస్. తనిఖీకి సూపర్‌వైజర్ మేడం వచ్చినప్పుడు ముందుగా ఈ బంగారు తల్లినే నిలబెట్టి చూపించేది. రెండేళ్లు అలాగే గడిచాయి.

ఈ చలికాలంలో కేంద్రానికి కొత్త బొమ్మల పుస్తకాలు వచ్చాయి. అందులో ఒకటి కళ్లు, ముక్కు, నాలుక, చర్మం, చెవుల గురించి. అట్ట గట్టిగా, ఒక్కో పేజీ నిండా ఒక్క బొమ్మ. అక్షరాలు తక్కువ, రంగులు ఎక్కువ. గ్రేస్‌కు అది తెగ నచ్చేసింది. రోజుకొక పేజీ తీసి, బొమ్మ చూపించి, దానికి తగ్గ ఆట ఆడించింది. ముక్కు పేజీ రోజు పిల్లల కళ్లకు తువ్వాల కట్టి ఉల్లిగడ్డ, సబ్బు, కొత్తిమీర వాసన చూపించింది. నాలుక పేజీ రోజు చింతపండు, బెల్లం, ఉప్పు. మేకపిల్లను పట్టుకొచ్చి తడమమన్న రోజైతే ఇల్లు పీకి పందిరేశారు. అన్నిట్లోనూ అమూల్యే ముందు. కళ్లు కట్టినా వాసన పట్టి, తువ్వాల తీశాక సరైన బొమ్మ మీద వేలు పెట్టేది. గ్రేస్ ఆమెను ఎత్తుకుని గిరగిరా తిప్పేది.

చివరికి చెవి పేజీ వచ్చింది. పేజీలో ఒక పాప తల పక్కకు తిప్పి ఉంది. గుండ్రటి పెద్ద చెవి, బోసిగా.

"ఇదెందుకున్నది మనకు?" అని అడిగింది గ్రేస్.

పిల్లలు ఇంకా ఆలోచిస్తుండగానే అమూల్య లేచి వచ్చింది. బొమ్మలో చెవిని చూపించి, తన జుట్టు వెనక్కి తోసి, జాతరలో కొన్న ఎర్రరాళ్ల కమ్మలు అందరికీ చూపించింది. చెవి ఉన్నది అందుకేనన్నట్టు. అందరూ నవ్వారు. గ్రేస్ కూడా పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆట. కళ్లకు తువ్వాల కట్టుకుని, వినబడిన చప్పుడు ఎటు నుంచి వచ్చిందో చెయ్యి చూపాలి. పళ్లెం మీద గంటె, గంట, సీసాలో శనగలు. పిల్లలంతా హుషారుగా ఆడారు. అమూల్య వంతు వచ్చింది. గ్రేస్ ఆమె వెనక పళ్లెం మోగించింది. పిల్ల కదల్లేదు. గంట కొట్టింది. కదల్లేదు. ఆట అర్థం కాలేదేమోనని తనకు వచ్చిన నాలుగు లంబాడీ ముక్కల్లో చెప్పింది. అమూల్య బాసింపట్టు వేసుకుని, తువ్వాల కింద పెదవులు నవ్వుతూ, అలాగే కూర్చుంది.

గ్రేస్ వంగి, పిల్ల మెడ వెనక నుంచి, చర్చిలో కూడా ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి పేరు పెట్టి పిలిచింది. ఇద్దరు పిల్లలు బెదిరి ఏడుపందుకున్నారు. వంటగదిలోంచి సాలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది టీచర్? గట్ల మొత్తుకుంటున్నవేంది?"

అమూల్య మాత్రం ఆట ఎప్పుడు మొదలవుతుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే గ్రేస్ అనిత ఇంటికి వెళ్లింది. అనిత వాకిట్లో పత్తికట్టె విరుస్తోంది. ఆమె మామ హన్మంతు మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"అనితా, ఇంట్ల బిడ్డను పిలిస్తే పలుకుతదా?"

"యాడ పలుకుతది టీచరమ్మ?" అనిత తేలిగ్గా నవ్వింది. "మా మాట పట్టించుకోదు. పొద్దంత మీ తాన్నే ఉంటది గద. తెలుగు అలవాటై మా లంబాడీ మరిసిపోయిందనుకున్నం."



"నేను లంబాడీ తప్ప రాదనుకున్న" అంది గ్రేస్.

కట్టె విరుస్తున్న చెయ్యి ఆగిపోయింది. అనిత ముఖంలో నవ్వు ఎలా పోయిందో గ్రేస్ చూసింది, చూడకుండా ఉంటే బాగుండేది. ఇల్లేమో బడి మాట వచ్చిందనుకుంది, బడి ఏమో ఇంటి మాట వచ్చిందనుకుంది. ఈ రెండు మాటల సందున ఆ పిల్లకు ఏ మాటా లేదు. తల్లి కోప్పడి అడిగినా, టీచర్ పాడి అడిగినా, వాళ్ల పెదవులు కదలడం చూసి నవ్వింది, అంతే.

"మా తమ్ముడు గూడ ఆరేండ్లకు మాట్లాడిండు" అన్నాడు హన్మంతు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

రెండు రోజులకే గ్రేస్ సెలవు పెట్టింది. జీవన్ ఆటోలో జనగామ దాకా, అక్కడి నుంచి పుష్‌పుల్ రైల్లో కాజీపేటకు, మళ్లీ ఆటోలో పెద్ద దవాఖానకు. ప్రకాశ్, అనిత ఇద్దరూ వచ్చారు. రైలు కిటికీ పక్కన అమూల్య సంబరం చూడాలి! ప్రతి కరెంటు స్తంభానికీ చెయ్యి ఊపింది. దవాఖానలో అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు పెద్ద డొప్పలు తగిలిస్తే, అవీ ఏవో నగలే అనుకుని తల అటూ ఇటూ తిప్పుతూ అమ్మకు చూపించుకుంది. బయట నిలబడ్డ ముగ్గురూ ఆ పిల్లను చూడలేక తలా ఒక గోడను చూశారు.

డాక్టరమ్మ నెమ్మదిగా, దాచకుండా చెప్పింది. "రెండు చెవులూ వినబడటం లేదమ్మా. పుట్టినప్పటి నుంచే అయి ఉంటుంది."

"మిషన్ పెడ్తే?" అన్నాడు ప్రకాశ్.

"పెడదాం. చప్పుడు కొంత తెలియొచ్చు. కానీ మిషన్ పెట్టగానే మాట రాదు. వారం వారం ఇక్కడికి తీసుకురావాలి, ఇంట్లో రోజూ కూర్చోబెట్టి నేర్పాలి. మాట నేర్చుకునే వయసు చాలా వరకు దాటిపోయింది. ఇంకొక్క నెల కూడా పోగొట్టకండి."

"ఏ మాట నేర్పాలె? మాదా, తెలుగా?" అని అడిగింది అనిత.

"ఏదైనా ఒక్కటే. ఇంట్లో మీరు మాట్లాడేది."

చెవి కొలతలు తీసుకుని వచ్చే వారం రమ్మన్నారు. తిరుగు రైల్లో అమూల్య గ్రేస్ ఒళ్లో నిద్రపోయింది.

వచ్చే వారం రాలేదు. అంటే, వీళ్లకు రాలేదు. మహబూబాబాద్ వైపు మిరప తోటలు పండాయి. ఏటా కాయ ఏరడానికి తండా సగం అటు వెళ్తుంది, ఎండలు ముదిరాకే తిరిగొస్తుంది. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీకి ప్రకాశ్ ఎప్పుడో మాట ఇచ్చేశాడు. గ్రేస్ పరుగున వెళ్లింది.

"ఒక్క నెల ఆగుండ్రి తమ్మీ. నీ కాళ్లు మొక్కుత."

"మిరప చేను ఆగుతదా టీచరమ్మ? ఏడాదంత ఏం దినాలె? వచ్చినంక పోదాం."

"వచ్చేసరికి ఆలస్యమైతది. డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నవు గద."

ప్రకాశ్ నెమ్మదస్తుడు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. ఇప్పుడూ పెంచలేదు. "రెండేండ్లు నీ ముంగటనే కూసున్నది గద టీచరమ్మ. గప్పుడు లేని తొందర గిప్పుడేంది?"

  గ్రేస్ తల దించుకుని, అనిత వైపు తిరిగింది.

"పిల్లను నా దగ్గర ఇడిసిపో చెల్లె. నా బిడ్డ లెక్క చూసుకుంట. వారం వారం నేనే తీస్కపోత."

అనిత కూతురిని దగ్గరికి లాక్కుంది. "ఆకలైతే ఏం చేస్తదో ఎరుకనా నీకు?"

గ్రేస్ తల అడ్డంగా ఊపింది.

"నా కొంగు కొస నోట్ల పెట్టుకుంటది. కడుపు నొస్తే నా గాజులు తిప్పుతది. రాత్రి బుగులైతే నా మెడ మీద చెయ్యేసి, గొంతు కదులుతుందా అని చూస్తది, నేను మాట్లాడేదాక పండది. గివన్ని నీకెట్ల చెప్తది? నువ్వు మంచిదానివే టీచరమ్మ. గాని నా బిడ్డ నాతోనే ఉంటది."

రెండేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడింది గ్రేస్. వీటిలో ఒక్క సైగ కూడా ఆమెకు తెలియదు. సిగ్గుతో, దుఃఖంతో అక్కడి నుంచి వచ్చేసింది. రాత్రి జీవన్ అన్నం పెట్టమంటే పెట్టింది గానీ తను తినలేదు.

బయలుదేరే రోజు ట్రాలీ ఆటో అంగన్వాడీ ముందే ఆగింది. బియ్యం మూటలు, గిన్నెలు, కోళ్ల గంప, వాటి మధ్య మనుషులు. గ్రేస్ చీపురు పక్కన పడేసి లోపలికి వెళ్లి, ఆ పుస్తకం తెచ్చి అమూల్య చేతిలో పెట్టింది. సర్కారు పుస్తకం, అలా ఇచ్చేయకూడదు. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది.

"దవాఖానల అడిగితే మల్ల వస్తరని చెప్త" అంది అనితతో.

"చెప్పు టీచరమ్మ" అంది అనిత, కళ్లు తుడుచుకుంటూ.

అమూల్య ఇవేమీ చూడటం లేదు. మూట మీద కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. కళ్లు, ముక్కు, నాలుక దాటుకుని చెవి పేజీ దగ్గర ఆగింది. బొమ్మలో పాప బోసి చెవిని చాలాసేపు చూసింది. తన కమ్మలు తడుముకుంది. ఆ పాపకు ఏదో లేదని తెలిసిపోయింది కాబోలు, తన నుదుటి మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు గోరుతో తీసి, ఆ చెవి తమ్మె మీద జాగ్రత్తగా అంటించింది. అతుక్కుందో లేదో వేలితో నొక్కి చూసింది. తర్వాత పేజీ పైకెత్తి, ముఖమంతా నవ్వుతో, గ్రేస్‌కు చూపించింది.

ట్రాలీ ఆటో కదిలింది. గ్రేస్ ఏం అన్నా ఆ పిల్లకు చేరేది కాదు. చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టింది. అమూల్య పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆ చేతులనే చూస్తూ, ఒక్క క్షణం వెనకగా తనూ కొట్టింది.