శ్మశానంతో మొదలైన ఫైలు

పల్నాడు కొత్త జిల్లాగా ఏర్పడిన ఏడాది వేసవిలో నన్ను గురజాలకు డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ సర్వేగా వేశారు. మండల సర్వేయర్ల కొలతలు సరిచూడటం, వాళ్ళు రాసిన ‘లేదు’, ‘కాదు’ల కింద సంతకం పెట్టడం ఆ ఉద్యోగం. చేరిన కొత్తలోనే ఒక వింత గమనించాను. కారంపూడి వైపు ఒక ఊరిలో ఏ రైతు తన పొలం పటం అడిగినా మా ఆఫీసు అతని చేతిలో శ్మశానం పటం పెడుతోంది.

ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం ఉంటుంది. గట్ల పొడవులు, పక్క పొలాల నంబర్లు అందులో రాసి ఉంటాయి. ఆ ఊరి పటాలను స్కాన్ చేసిన ఏజెన్సీ వాటిని విడివిడిగా ఇవ్వకుండా అన్నిటినీ టిఫ్ అనే ఒకే బొమ్మల ఫైలులో పేజీల్లా కుక్కేసింది. ఆఫీసు కంప్యూటరు అందులో మొదటి బొమ్మ చూపించి ఊరుకునేది. ఆ ఊళ్ళో ఒకటో నంబరు శ్మశానం. మా సర్వేయర్ రమేష్ అదే ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఎవరైనా గొడవపడితే ‘మిగతా రికార్డు అందుబాటులో లేదు’ అని రాసి పంపేవాడు. ఎప్పటికైనా అందరూ చేరాల్సిన చోటే కదా అని నాతో అన్నాడు కూడా. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే అప్పుడు నా ఎదురుగా అర్జీదారు కోటమ్మ కూర్చుని ఉంది. 86వ నంబరులో ఆమెకు మిరపతోట. పక్కనున్న 87 మాజీ సర్పంచి నాగేశ్వరరావు గారిది. ఆయన సరిహద్దు వెంట కొత్తగా రాతి కడీలు పాతించారు. అవి కాస్త ఇటు జరగడంతో ఆమె బోరు ఆయన పొలంలోకి పోయింది.

“తోటకి నీళ్ళు పెట్టాలంటే ఆయన్ని అడుక్కోవాల్నంట. నా పొలం కాయితం ఇమ్మంటే మీరేంది సార్, వల్లకాడు ఇచ్చారు?” అంది.

బొమ్మలు విడదీసే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. నరసరావుపేటలో ఉండగా ఫ్యాక్సుల కట్టలు విడదీయడానికి నేర్చుకున్నాను. అందులో మౌసుకు పని లేదు, నల్లటి తెర మీద కమాండు టైపు చేయాలి. ముందు పాత ఫైలు పేరు, పక్కన కొత్త పేరు, దాని చివర %03d అన్న గుర్తు. వచ్చే ప్రతి బొమ్మకూ వరుసగా మూడంకెల నంబరు తగిలించమని దాని అర్థం. ఎంటర్ నొక్కాను. ఏడాదిగా అందుబాటులో లేని రికార్డు టీ చల్లారేలోపు ఫోల్డరు నిండా పరుచుకుంది. రమేష్ 086 ప్రింటు తీసి కవరులో పెట్టాడు. సరిహద్దు రైతులకు నోటీసులు పంపి కొలతకు వెళ్ళాం.

పొలంలో కవరు విప్పితే పటం మీద 87 అని ఉంది. కమాండు లెక్క సున్నాతో మొదలవుతుందన్న సంగతి ఆ ఎండలో నాకు గుర్తొచ్చింది. శ్మశానానికి 000 తగిలింది, అక్కణ్ణించి ఊరంతా ఒక నంబరు వెనక్కి జరిగింది. నిన్నటిదాకా అందరికీ శ్మశానం ఇచ్చిన ఆఫీసు ఇకమీదట అందరికీ పక్కవాడి పొలం ఇవ్వబోతోంది. గట్టు తగాదాల పల్నాడులో అంతకంటే ప్రమాదకరమైన ప్రజాసేవ ఉండదు.

కొలత వాయిదా వేయబోయాను. నాగేశ్వరరావు గారు పటంలోకి తొంగిచూసి అడ్డుపడ్డారు.

“ఇది నా పొలం కాయితమే గదా. ఆమె కాయితమైతే నేనొప్పుకునేవాణ్ణి కాదు. దీని ప్రకారమే కొలవండి, ఇప్పుడే.”

కోటమ్మ ముందుకొచ్చింది. అర్జీ తనదైతే ఆయన పొలం కొలవడమేంటని అడిగింది. నేను వివరించేలోపే ఆయన తన మాటను పంచనామాలో రాయించి, సంతకం చేసి, గొలుసు కొస తానే పట్టుకున్నారు.

రెండు పొలాల మధ్య గట్టు ఒక్కటే. దాని కొలత ఒక పటంలో ఎంత ఉంటే రెండో పటంలోనూ అంతే ఉంటుంది. మూడు పొలాలు కలిసేచోట పాతిన పాత రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చాం. ఆయన పటం ప్రకారమే ఆయన కడీలు కోటమ్మ మిరపచెట్ల మధ్య తేలాయి. బోరు కోటమ్మ వైపు నిలిచింది. ఆయన చాలాసేపు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, స్కానింగులో తేడా వచ్చిందేమోనన్నారు. పంచనామా అప్పటికే రమేష్ సంచిలో ఉంది.

తిరిగి వచ్చాక, లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టమని కమాండులో ఒక ముక్క చేర్చి మళ్ళీ నడిపాను. ఈసారి ప్రతి బొమ్మ మీది నంబరును ఫైలు పేరుతో పోల్చి చూశాం. కోటమ్మకు 86 పటం ఇస్తూ, శ్మశానం కాగితం వెనక్కి ఇమ్మన్నాడు రమేష్.

“ఉండనీ అబ్బాయ్. దానికి మళ్ళీ అర్జీ పెట్టుకునే ఓపిక నాకుండదు గదా” అంది.

రికార్డు లేదని రాసేముందు రెండో బొమ్మ ఉందేమో చూడాలి. ఉందని తేలాక దాని మీద రాసిన నంబరు చదవాలి. నా సర్వీసులో ఏ శిక్షణలోనూ ఈ రెండూ చెప్పలేదు. కోటమ్మ బోరు ఇప్పటికీ ఆమె తోటకే పారుతోంది. అందులో కమాండు గొప్పతనం ఏమీ లేదు, నాది అంతకన్నా లేదు. తన కాగితం తన మాటే చెబుతుందని నమ్మిన నాగేశ్వరరావు గారే ఆ బోరు ఆమెకు ఇప్పించారు.