ఆముదం పట్టిన నట్టు

1954. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊరినిండా గుడారాలు, ఆఫీసులు, జీపులు. బస్టాండుకు కాస్త ఇవతల నాకో రేకుల షెడ్డు ఉండేది. కార్లు, లారీలు బాగుచేసేవాణ్ణి. చేతికి ఖాళీ ఉండేది కాదు, నోటికి అంతకంటే ఉండేది కాదు.

ఎండాకాలం ఒక పొద్దున నల్ల కారొకటి వెనక పక్కకు ఒరిగిపోయి, ఈడ్చుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. లోపల పెళ్లికొడుకు. బుగ్గన చుక్క, కాళ్లకు పారాణి, పట్టుపంచె. పేరు వెంకటసుబ్బయ్య, ఎమ్మిగనూరులో ఆముదం వ్యాపారం చేసే షావుకార్ల పిల్లవాడు. పక్కన మేనమామ, ముందు సీట్లో డ్రైవరు మద్దిలేటి.

మేనమామ దిగీ దిగకముందే మొదలుపెట్టాడు. "రేపు తెల్లారుజామున రాజంపేటలో ముహూర్తం. మావోళ్లంతా ముందే పోయినారు. ఎట్లన్నా చేసి మమ్మల్ని పంపియ్యప్పా."

వేరే కారు చూసుకోమన్నాను. ఎక్కడిది? అసెంబ్లీ జరుగుతోంది, అద్దె కార్లన్నీ పెద్దమనుషుల వెంట తిరుగుతున్నాయి. ఆ వైపు బస్సు పోయింది. సాయంత్రం నాలుగింటికల్లా కారు కదలకపోతే పెళ్లి తప్పిపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఎక్కడలేని హుషారు పుట్టింది. అలాంటి పని తగిలితే నాకు ఆకలి కూడా తెలియదు.

కింద దూరి చూశాను. వెనక లీఫ్ స్ప్రింగులో పై పట్టీ విరిగింది. ఆ స్ప్రింగునే మేము కమాను కట్ట అంటాం. కుదుపులన్నీ మోసేది అదే. సరిపోయే పట్టీ నా దగ్గర ఉంది. కట్టను ఇరుసుకు బిగించి ఉంచేవి యు బోల్టులు, వాటి నట్లు విప్పితే గంటసేపటి పని. మూడు నట్లు ముక్కుతూ మూలుగుతూ వచ్చాయి. నాలుగోది ససేమిరా అంది. కిరసనాయిలు పోసి నానబెట్టాను. పానా వేసి బలంకొద్దీ లాగితే నట్టు మూలలు అరిగి గుండ్రమై కూర్చుంది. బోల్టు కోసేద్దామంటే అలాంటిది ఊళ్లో దొరకదు.

ఇక బ్లో ల్యాంపు వెలిగించాను. మంటతో నట్టును వేడిచేస్తే అది సాగి పట్టు వదులుతుందని ఆశ. నట్టు వదల్లేదు గానీ గుప్పున ఆముదం వాసన కొట్టింది.

"మద్దిలేటీ, దీనికేం పూసినావు?"

"కందెనప్పా. మా నాయన బండిరుసుకు పెట్టేదే. ఆముదంలో గడ్డిమసి కలిపి నేనే చేస్తా. నట్లకు గూడా నిండా మెత్తుతాండా, బండి శానా మెత్తగా పోతాదని."

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కారును సొంత ఎద్దుల్లా చూసుకునే మనిషిని ఏమని తిట్టేది? ఎద్దులబండి ఇరుసుకైతే పాత కందెన తుడిచి కొత్తది పెడతారు. ఇతను ఏళ్ల తరబడి పాతదాని మీదే కొత్తది మెత్తుతూ పోయాడు. నల్లరేగడి దుమ్ము, మన ఎండ తోడై అదంతా నట్టు మరల్లోకి దిగి లక్కలా బిగిసింది. అయినా కిరసనాయిలుకు కరగాలి కదా అని గొణుక్కుంటున్నాను.

కారు కిటికీలోంచి పెళ్లికొడుకు తల బయటపెట్టాడు. "కిరసనాయిలుకు ఆముదం లొంగదప్పా. స్పిరిట్లో అయితే కరుగుతాది. సరుకు కొనేటప్పుడు మేము అట్లనే సూస్తాము. స్పిరిట్లో పోస్తే తేటగా కలిసిందా, మంచి సరుకు. తెల్లగా విరిగిందా, శెనగనూనె కలిపినారని లెక్క."

పానా పక్కన పడేశాను. స్పిరిటు యాడ దొరుకుతుందని అడిగాను. మద్యనిషేధం రోజులవి, లైసెన్సు లేనిదే చుక్క పుట్టదు. తమకు తెలిసిన నూనె మండీలో పరీక్షకని ఉంచుతారనీ, తన మొహం చూస్తేనే ఇస్తారనీ చెప్పి దిగబోయాడు. మేనమామ అడ్డం పడ్డాడు.

"పెండ్లికొడుకును చేసినాక ఒంటిగా యాడికీ పోగూడదురా."

"అట్లయితే నువ్వూ రా మామా."

ఇద్దరూ జట్కా ఎక్కి పోయారు, సీసాతో వచ్చారు. అప్పటికి నేను బ్లో ల్యాంపు ఆర్పి, నట్టు చల్లారనిచ్చి, ఆకురాయితో దానికి రెండు పక్కలా చదును తీసి చిన్న పానా పట్టేలా చేశాను. ఇంకో మనిషి చెయ్యి కావాలి. మద్దిలేటి భారీ మనిషి, ఆ సందులో పట్టడు. పెళ్లికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి నా పక్కన మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. మేనమామ కళ్లు మూసుకున్నాడు. అబ్బాయి దూదితో స్పిరిటు పిండుతుంటే నేను సుత్తితో నట్టు చుట్టూ చిన్నగా కొడుతూ పోయాను. కాసేపటికి నల్లటి జిగురు కారడం మొదలైంది. పానా వేసి ముందు బిగించే వైపు కొంచెం నెట్టాను, తర్వాత విప్పే వైపు. కిర్రుమంది. ఆ చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అబ్బాయి నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు, చొక్కామీద ఐదువేళ్లూ అచ్చుపడ్డాయి.

పట్టీ మార్చి బిగించేశాను, నాలుగు కొట్టకముందే కారు కదిలింది. మద్దిలేటి మాత్రం పోతూ పోతూ, "ఇంగ కందెన పెట్టొద్దా అప్పా?" అని దిగులుగా అడిగాడు.

ఆ రోజు నుంచి బిగిసిన నట్టు ఎదురైతే పానా ముట్టుకునే ముందు, దానికి ఎవరు ఏం పూశారో కనుక్కోవడం నాకు అలవాటైంది. మనుషులు ప్రేమకొద్దీ పూసినవే ఎక్కువ కష్టపెడతాయి. చేసిన తప్పు దాస్తారు కనుక అడగ్గానే చెప్పరు గానీ, ప్రేమతో చేసింది దాచరు.

పెళ్లయ్యాక అదే కారు తిరుగుదారిలో నా షెడ్డు దగ్గర ఆగింది. కొత్త పెళ్లికూతురు దిగి నాకు తాంబూలం ఇచ్చింది. ముహూర్తానికి అందారా తల్లీ అని అడిగాను.

"అందినారన్నా. రాత్రంతా రాలేదని నేను ఒగటే ఏడుపు. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు మధ్యలో తెర ఉండాది, మొగం కనపళ్లేదు. పైనుంచి చెయ్యి ఒగటే వచ్చింది. గోర్లనిండా మసి, ఆముదం వాసన. రావల్లని ఎంత తండ్లాడినాడో ఆ చెయ్యి సూసినాకనే తెలిసిందన్నా."