ఇంకా మోగుతుంది

మా బందరు బ్యాండులో గిటార్ వాయించే అతన్ని అందరం బావ అనే పిలిచేవాళ్ళం. పాత బ్లూస్ రాక్, అదే గిటార్ మీద నెమ్మదిగా సాగే ఇంగ్లీషు పాటలంటే అతనికి ప్రాణం. ఆ పాటల గొప్పంతా వాటిని వాయించినవాళ్ళు వాయించకుండా వదిలేసిన చోటే ఉందనేవాడు. తనూ అంతే. ఒక్క స్వరం మీటి, తీగ మీంచి చెయ్యి తీసేసి, తల వంచి వినేవాడు. డ్రమ్స్ వాయించే నేను ఉండబట్టలేక కర్ర ఎత్తితే, "ఆగరా, ఇంకా మోగుతుంది" అనేవాడు. వాయించడానికి పిలిస్తే ఈ ఆగడమేంటని నాకు ఒళ్ళు మండేది.

ఓసారి అవనిగడ్డలో పెళ్ళి రిసెప్షన్. మాకు ముందు డీజే కుర్చీలు అదిరేలా మోగించి దిగాడు. మేం ఎక్కగానే ఈలలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు స్టేజీ దగ్గరకొచ్చి, "సౌండు పెంచండి, లేకపోతే దిగిపోండి!" అని అరిచాడు.

బావ వంగి సౌండు తగ్గించాడు. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

ఒక్క స్వరం మీటి చెయ్యి తీసేశాడు. పక్కవాడితో మాట్లాడుతున్నంత మెల్లగా ఓ మాట పాడి, మళ్ళీ ఆగాడు. వినపడక ముందువరస నోరు మూసుకుంది. తర్వాత వెనకవాళ్ళు. చివరికి భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. నేనూ కర్రలు ఎత్తలేదు.

చివరి స్వరానికి ఎవడో చప్పట్లు కొట్టబోయాడు. మమ్మల్ని దిగిపొమ్మన్న కుర్రాడే గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా, ఇంకా మోగుతుంది."

అది పూర్తిగా ఆగాక లేచాయి చూడండి చప్పట్లు, ఆ డీజే పెట్టెలు కూడా అంత మోగలేదు.